గేదె పెరిగిందా, పెట్టె తగ్గిందా?

ఈ సంగతి నూజివీడులో ఇప్పటికీ రెండు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. అందుచేత నాకు ఖాయంగా తెలిసినదాన్ని, చెవిన పడినదాన్ని మొదటే వేరు చేసి పెడతాను. చిన్న శిల్పాల సామూహిక ప్రదర్శన ఒకటి జరిగింది; దానికి కొలతల పరిశీలకుడిగా నేను వెళ్ళాను; శిల్పాలను పరీక్షించిన చెక్కపెట్టెకు నేను కొలిచిన రోజున ఉండవలసిన ఎత్తు లేదు; ఆ పెట్టెలో పట్టలేదని తిరస్కరించబోయిన ఒక బొమ్మ నిబంధనకు లోబడే ఉంది. ఇవి నా పరికరాలతో నేను తేల్చుకున్నవి. ఆ పెట్టెను ఎవరో కావాలనే పొట్టిగా చేయించారని, ఒక శిల్పిని రానివ్వకూడదన్నదే ఉద్దేశమని, నేను రెండు బుట్టల బంగినపల్లి కాయలు పుచ్చుకుని ఆమె పక్షాన రాశానని విన్నాను. మూడోది అబద్ధమని నాకు తెలుసు. మొదటి రెండింటికీ ఆధారం నాకు కనిపించలేదు. కనిపించలేదనడమూ, లేదనడమూ ఒకటి కావు.

కరోనా తర్వాత వచ్చిన రెండో మామిడి సీజనులో, పదవీ విరమణ దగ్గరపడుతుండగా, తూనికలు, కొలతల తనిఖీ అధికారిగా నన్ను నూజివీడు ప్రాంతానికి వేశారు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చినవాడిని. బయటివారికి మా పని కాటా కింద ఎవరైనా ఏమైనా పెట్టారా అని వంగి చూడటంగా కనిపిస్తుంది. నిజానికి అందులో సగం మా సొంత పరికరాలను అనుమానించడమే. బజారులోని కాటాను పరీక్షించే మా తూకపు రాళ్ళను వర్కింగ్ స్టాండర్డ్ అంటాం. వాటిని గడువు ప్రకారం అంతకన్నా కచ్చితమైన ప్రమాణాలతో పోల్చి చూపించి, ముద్ర వేయించుకోవాలి. ఆ గడువు దాటితే, ఎంత సరైన రాయి అయినా సరే, దాన్ని చేతబట్టుకుని ఒక వ్యాపారిని తప్పుపట్టే అధికారం నాకుండదు. కొలిచేదాన్ని ముందు కొలవాలి. ఈ ఒక్క నియమం మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా దానంతటదే అర్థమవుతుంది.

సీజనులో చాట్రాయి, ముసునూరు తోటల కాయ పట్టణంలోకి దిగుతుంటే వేబ్రిడ్జిలు, ప్లాట్‌ఫారం కాటాలు తనిఖీ చేస్తూ తిరగడమే నా పని. ఆ తిరుగుడులోనే సుబ్బారావు గారు పరిచయమయ్యారు. మామిడి కమీషన్ వ్యాపారి. కాటా విషయంలో నాకు ఎన్నడూ పని కల్పించని మనిషి. ఆయనకు బొమ్మలంటే ఇష్టం. సీజను ముగిసే వేళకు చిన్న శిల్పాల ప్రదర్శన ఒకటి జరిపించాలని సంకల్పించి, తానే కమిటీకి అధ్యక్షుడయ్యారు. ప్రసాద్ గారనే డ్రాయింగు మాస్టారు కార్యదర్శి.

నిబంధన మాస్టారు రాసినదే. పీఠంతో సహా శిల్పం ఎత్తుగానీ, వెడల్పుగానీ, లోతుగానీ పదిహేను సెంటీమీటర్లకు మించకూడదు. జానెడు కూడా కాదు. పెద్ద బొమ్మ పక్కన నిలబడితే చిన్నదాన్ని ఎవరూ చూడరనీ, అందరికీ ఒకే చోటు ఇస్తే చివరికి పనితనమే మిగులుతుందనీ ఆయన వాదన. ఆ వాదన నాకు నచ్చింది. నచ్చినందువల్లే పై అధికారి అనుమతి తీసుకుని, సెలవు రోజున వచ్చి తుది పరిశీలన చేసి సంతకం పెట్టడానికి ఒప్పుకున్నాను.

ప్రవేశాలను పరీక్షించడానికి మాస్టారు సులువైన పద్ధతి ఎంచుకున్నారు. లోపలి కొలతలు సరిగ్గా పదిహేను సెంటీమీటర్లు ఉండేలా ఒక చెక్కపెట్టె చేయించారు. బొమ్మను అందులో పెట్టి మూత వేయాలి. మూత అంచుల మీద సాఫుగా కూర్చుంటే బొమ్మ లోపల, లేకపోతే బయట. మా భాషలో దీన్ని గేజ్ అంటాం. స్కేలు అంకె చెబుతుంది. గేజ్ అవుననో కాదనో మాత్రమే చెబుతుంది. పద్ధతిలో తప్పేమీ లేదు. కాకపోతే గేజ్ చెప్పే 'కాదు'కు అప్పీలు ఉండదు, కనుక దాన్ని మరింత అనుమానించాలి.

పెట్టె చేసింది సుబ్బారావు గారి యార్డులో కాయల పెట్టెలు కొట్టే వడ్రంగి. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక ఆ పని తగ్గింది గానీ, దూరం వెళ్ళే కొంత సరుకు ఇప్పటికీ చెక్కపెట్టెల్లోనే వెళుతుంది. వాటికి వాడేది కాపు ఉడిగి కొట్టేసిన మామిడి చెట్ల కలప, అదీ కోత మిల్లు నుంచి వచ్చిన పచ్చిది పచ్చిగానే. కాయ పది రోజుల్లో తినేసే వస్తువు. పెట్టె అంతకన్నా నాలుగు రోజులు ఎక్కువ నిలిస్తే చాలు. కలపను ఆరబెట్టే ఓపిక అక్కడ ఎవరికీ అవసరం లేదు. ఈ అలవాటు కాయల పెట్టె విషయంలో తప్పు కాదు.

ప్రారంభోత్సవానికి ముందు ఆదివారం మధ్యాహ్నం నేను హాలుకు వెళ్ళేసరికి లోపల రెండు గొడవలు నడుస్తున్నాయి.

మొదటిది పెద్దది. బల్ల మీద ఒక చెక్కబొమ్మ ఉంది, దాని పక్కన కుర్చీలో ఒక స్త్రీ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. పేరు రత్నకుమారి, ముసునూరు మనిషి, వయసు ముప్పై అయిదు దాటి ఉండవచ్చు. ఆమె తల్లిదండ్రులు తోటల్లో కోత కూలీలు. ఆమె నూజివీడులో గుమ్మాలు, తలుపులు చెక్కే దుకాణంలో పదేళ్ళకు పైగా పనిచేసి, యంత్రం వచ్చి ఆ పనిని లాక్కున్న తర్వాత సొంతంగా బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. ఏ ప్రదర్శనలోనూ ఆమె పని అంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఇక్కడి నుంచి ఎంపికైన శిల్పాలు విజయవాడ వెళతాయి. అక్కడ చూసేవాళ్ళు పని ఇస్తారన్నది ఆమె ఆశ. ఇది ఆమే చెప్పింది, దాచుకోకుండా.

బొమ్మ గురించి చెప్పాలి. మామిడి చెట్టు కింద నిలబడి, పైనుంచి జారే కాయను పట్టుకోవడానికి ఒక చేయి ఎత్తిన కూలి మనిషి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. మడమలు నేలను వదిలాయి, మునివేళ్ళ మీద ఉంది. మెడ, భుజం, మోచేయి, మణికట్టు ఒకే సాగుడుగా పైకి వెళ్ళి విచ్చుకున్న అయిదు వేళ్ళ దగ్గర ఆగుతాయి. కాయ లేదు. పీఠం కూడా లేదు, పాదాల కింద పల్చని ముక్క తప్ప. పొదుపు చేయడానికి అందులో ఏదీ మిగల్లేదు. పెట్టెలో పెడితే మూత ఆ వేళ్ళ మీద ఆగిపోతోంది.

సుబ్బారావు గారు బతిమాలుతున్నారు. ఆయన గొంతులో కోపం లేదు. "అమ్మాయ్, గోరంత. మాస్టారు గరుకు కాగితం ఇస్తారు, ఆ వేళ్ళ కొసలు రెండు రుద్దులు రుద్దు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందండీ. ఆ మనిషి అంత సాగింది కాయ అందుకోవడానికి. వేళ్ళు కోసేసి అందుకోమంటే ఎట్టా?"

"గోరంతే కదమ్మా."

"గోరంతే అయితే పెట్టెనే గోరంత పెంచండి."

ప్రసాద్ మాస్టారు నిబంధన చదివి వినిపించారు. ఆమె కదల్లేదు. ఇంట్లో స్కేలు పెట్టి కొలుచుకునే చేశానంది. ఇంటి స్కేళ్ళు నమ్మడానికి లేదన్నారాయన. సరే, నా బొమ్మ మించిందని కాగితం మీద రాసి, సార్ చేత సంతకం పెట్టించి ఇవ్వండి, అప్పుడు తీసుకెళతాను, అంతదాకా ఈ కుర్చీలోంచి లేవను అంది. అప్పుడే అందరూ నా వైపు తిరిగారు.

రెండో గొడవ చిన్నది. చాట్రాయి నుంచి వచ్చిన రాంబాబు అనే శిల్పి మూలన నిలబడి తనలో తాను గొణుక్కుంటున్నాడు, అందరికీ వినపడేలా. అతనిది మెత్తరాతిలో చెక్కిన గేదె. మూత కొమ్ములకు తగులుతోందంటే ఆ ఉదయమే రెండు కొమ్ముల కొసలూ ఆకురాయితో అరగదీసి లోపల పట్టించాడు. ఇప్పుడు ఆ గేదె దూడలా ఉంది.

"ఏమండీ మాస్టారూ, కోతలు మొదలైనప్పుడు నమూనా చూపించమంటే ఇదే గేదెను తెచ్చానా? ఇదే పెట్టెలో పెట్టి, మూతేసి, భేష్ అన్నారా? ఇవాళ పట్టలేదేంటండీ?"

"మేత ఎక్కువేసుంటావులే రాంబాబూ," అన్నారు మాస్టారు. హాలులో నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఆ మాట నాకు మనసులో అడ్డుపడింది.

తేమకు కలప ఉబ్బుతుంది. మట్టిబొమ్మ ఆరితే తగ్గుతుంది. రాతి గేదె నెలన్నరలో కొమ్ముల దగ్గర పెరగదు. రాంబాబు చెప్పింది నిజమైతే మారింది గేదె కాదు. అయితే "నిజమైతే" అన్న మాట అక్కడే ఉంది. అప్పటికి అది నేను విన్న మాట మాత్రమే. ఆ గేదె ఆ రోజు నిజంగా పట్టిందా అని మాస్టారిని అడిగాను. కొంచెం ఆలోచించి, పట్టింది, నేనే మూత వేశాను అని ఒప్పుకున్నారు. తన నిబంధనకు నష్టం కలిగించే సాక్ష్యాన్ని ఆ మనిషి దాచలేదు. ఇది కూడా ఖాయంగా తెలిసినవాటిలో చేర్చాలి.

నేను సంతకం పెట్టే ముందు కొలుస్తానన్నాను. మొదట రత్నకుమారి బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. ఆమె ముఖం మారింది.

"పెట్టెను కొలవండి సార్. నా బొమ్మను కాదు. నా మాట మీద నమ్మకం లేదా?"

"లేదండీ. ఎవరి మాట మీదా లేదు. మీ ఒక్కరినే అనడం లేదు."

మందపాటి గాజు పలకను బల్ల మీద పరిచి, లెవెల్ చూసి సరిచేశాను. దాని మీద బొమ్మను నిలబెట్టి, పక్కన స్టీలు స్కేలు నిలిపి, మూలమట్టం అంచును వేళ్ళ కొసకు ఆనించి చదివాను. బొమ్మను తిప్పి మళ్ళీ చదివాను. బొమ్మను తీసేసి, మళ్ళీ పెట్టి ఇంకోసారి చదివాను, ఎందుకంటే ఒకసారి వచ్చిన అంకె కొలత కాదు, అభిప్రాయం. చదివిన అంకెలు కొద్దిగా తేడాగా వచ్చాయి. వాటిలో ఆమెకు అన్నిటికన్నా ప్రతికూలమైనదాన్నే లెక్కలోకి తీసుకున్నాను. అయినా పదిహేను సెంటీమీటర్లకు దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువే ఉంది. ఆ మిల్లీమీటరు కూడా ఎందుకు వదిలారని అడిగాను. "మూత ఆవిడ చేతిని తాకకూడదని," అంది.

తర్వాత పెట్టె. వెడల్పు సరిగ్గా ఉంది. లోతు సరిగ్గా ఉంది. ఎత్తు నాలుగు మూలల్లోనూ తక్కువ, రూపాయి నాణేలు మూడు దొంతరగా పెట్టినంత తక్కువ. పెట్టెను వెలుగులోకి తీసుకెళ్ళి చెక్క చారలు చూశాను. నాలుగు గోడల్లోనూ చార అడ్డంగా ఉంది. పచ్చి కలప ఆరేటప్పుడు చార వెంబడి దాదాపు తగ్గదు, చారకు అడ్డంగా తగ్గుతుంది. అంటే ఆ పెట్టె వెడల్పులో నిజం చెబుతూ ఎత్తులో అబద్ధం చెప్పగలదు. పెట్టెను బోర్లిస్తే రెండు వైపులా మేకులు బిగించిన అడుగు చెక్క నడిమికి చీలి ఉంది. తగ్గాలనుకున్న చెక్కను మేకులు తగ్గనివ్వకపోతే అది చీలుతుంది. నూజివీడు మే నెల ఎండలో, సుబ్బారావు గారి యార్డులో రేకుల కప్పు కింద, ఆ పెట్టె నెలన్నర ఉంది.

ఇదంతా కమిటీకి చెప్పాను. ముందుగా తేరుకున్నది సుబ్బారావు గారే.

"అందరికీ ఇదే పెట్టె కదండీ, ఇన్‌స్పెక్టర్ గారూ. ఒకరికి పెద్దది పెట్టి ఒకరికి చిన్నది పెట్టలేదే. ఇందులో అన్యాయం ఏముంది?"

ఈ వాదన నాకు కొత్త కాదు. నా ఉద్యోగ జీవితమంతా కాటా దుకాణాల ముందు విన్నాను: తగ్గితే అందరికీ తగ్గుతుంది కదా అని. దానికి జవాబు కూడా కొత్తది కాదు. అందరికీ ఇదే పెట్టె, కానీ అందరికీ అదే ఎత్తు కాదు. మొదట వచ్చినవాళ్ళకు పెద్ద పెట్టె దొరికింది, చివర వచ్చినవాళ్ళకు చిన్నది దొరికింది. వేలాడుతున్న బోర్డు మీద పదిహేను అని రాసి, లోపల పద్నాలుగున్నర పెడితే దాన్ని మా చట్టం ఏమంటుందో మీకు నేను చెప్పక్కర్లేదన్నాను.

"ఇదేమన్నా కాయల కాటానా? బొమ్మల పండగ. రేపు పొద్దున అతిథి వస్తున్నారు. ఇప్పటికే నలుగురు అరగదీసుకున్నారు. పెట్టె తప్పని రాస్తే వాళ్ళంతా నా మీద పడరా?"

"పడకేం చేస్తామండీ?" అన్నాడు రాంబాబు మూల నుంచి. "నా గేదె కొమ్ములు పొడైపోయి అదిగో నేల మీదున్నాయి. చీపురుతో ఎత్తి ఇస్తారా?"

మాస్టారు మధ్యే మార్గం ఒకటి సూచించారు. రత్నకుమారి బొమ్మను ప్రత్యేక అనుమతి కింద తీసుకుందాం, పెట్టె సంగతి రాయవద్దు, గొడవ ఉండదు. మర్యాదగల సూచన. నేను జవాబు చెప్పేలోపే కుర్చీలోంచి ఆమె అంది: "దయ తలచి తీసుకుంటే నాకొద్దండీ. నా బొమ్మ కొలతలో ఉంది. కొలతలో ఉందని రాసి తీసుకోండి. లేదా మించిందని రాసి పంపెయ్యండి. రెండూ కాకుండా మధ్యలో పెట్టకండి."

నా నిర్ణయం కూడా అదే. కాకపోతే దాన్ని నేను మర్యాదగా చెప్పడానికి ఇంకా మాటలు వెతుకుతున్నాను.

సుబ్బారావు గారు, మీరు సంతకం పెట్టకపోతే ఎవరో ఒక ఇంజనీరును పిలిపించి పెట్టించుకుంటామన్నారు. పిలిపించుకోండి, ఆయన వచ్చేలోపు నేను కొలిచిన అంకెలు ఒక కాగితం మీద రాసి ఈ హాలు తలుపుకు అంటిస్తాను, ఆయన వాటిని కాదనాలంటే ముందు కొలవాలి అన్నాను. అంత గట్టిగా మాట్లాడే అధికారం నాకు ఉద్యోగరీత్యా లేదు. ఆ పెట్టె వ్యాపార తూనిక కాదు. నా ముద్ర దానికి వర్తించదు. నాకున్న అధికారమల్లా తెలిసి తెలిసి తప్పుడు కొలత కింద నా పేరు రాయకపోవడమే. అది చాలనుకున్నాను.

అప్పుడు ఆయన చేసిన పని నేను ఊహించనిది. లేచి వచ్చి, నా స్టీలు స్కేలు అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పెట్టెను తానే కొలిచారు. నాలుగు మూలలూ కొలిచారు. తర్వాత స్కేలును నా చేతిలో పెట్టి, పెట్టెను వేలితో తట్టారు.

"చెక్క నాదే. ఎండ కూడా నా రేకుల షెడ్డుదే. రాయండి. కానీ ఎండిపోయిందని రాయండి సార్, తప్పని రాయకండి."

"ఎండి, తక్కువైందని రాస్తాను. రెండూ నిజమే."

ఆయన ఆ మాటను తూచుకుని, తల ఊపారు.

నోటీసు మాస్టారి దస్తూరీలోనే రాయించాం, అక్షరాలు అందంగా ఉంటాయని. పరీక్షకు వాడిన పెట్టె ఎండి ఎత్తు తగ్గిందని, తుది పరిశీలన స్టీలు స్కేలుతో జరిగిందని, పెట్టె కారణంగా తగ్గించుకున్న శిల్పాలను శిల్పులు కోరితే మార్చి తేవచ్చని అందులో ఉంది. ఆ సాయంత్రమే ప్రవేశాలన్నిటినీ గాజు పలక మీద మళ్ళీ కొలిచాను. అందులో ఒకటి, పెట్టె కొత్తగా ఉన్నప్పుడు సగం నొక్కి మూత వేయించుకున్నది, నిజంగానే మించింది. దాన్ని కాదన్నాను. దాని యజమాని నాతో చాలా సేపు పోట్లాడాడు. ఆ పోట్లాటలో రత్నకుమారి నా పక్షాన మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే సరైనది.

రాంబాబు గేదెను మార్చలేదు. దాని కింద చీటీ మీద "పెట్టెలో పట్టిన గేదె" అని పేరు రాసి, నోటీసుకు సరిగ్గా ఎదురుగా పెట్టమని పట్టుబట్టి పెట్టించుకున్నాడు. చూడవచ్చినవాళ్ళు ముందు గేదెను చూసి, తర్వాత నోటీసు చదివి, మళ్ళీ గేదె దగ్గరికి వచ్చారు.

మర్నాడు రత్నకుమారి బొమ్మ గాజు గూట్లో నిలబడి ఉంది, అయిదు వేళ్ళతో. పై గాజుకూ ఆ వేళ్ళకూ మధ్య సన్నని వెలుతురు ఉంది. పక్కనుంచి చూస్తేనే కనబడుతుంది. ఆమె నా దగ్గరికి వచ్చి, కృతజ్ఞత చెప్పాలా అని అడిగింది, కొంచెం పోట్లాట గొంతుతోనే. అక్కర్లేదన్నాను. "మీ బొమ్మ వెంట్రుకవాసి మించినా మించిందనే రాసేవాడిని."

"తెలుసండీ. అందుకేగా సంతకం పెట్టమని కూర్చున్నాను."

ఆ బొమ్మ విజయవాడ వెళ్ళింది. అక్కడ ఆమెకు పని దొరికిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది, అటుపైన విరమణ వచ్చింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. ఎవరైనా హద్దు మీరారని ఆరోపణ వచ్చినప్పుడు మనిషి కన్నా ముందు హద్దును పరీక్షించాలి. అయితే మనిషిని పరీక్షించడం మానకూడదు. తప్పుడు పరికరానికి చెడ్డ ఉద్దేశం అవసరం లేదు, పచ్చి చెక్కా, కొంత ఎండా చాలు. అది ఎవరి తప్పూ కాకపోయినా దాని వల్ల తెగేవి నిజమైన వేళ్ళే. కాబట్టి ఒప్పుకోనివాళ్ళు కుర్చీలోంచి లేవకపోవడం కొలతల శాస్త్రానికి అవసరమైన పని.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. పెట్టె ఎత్తు అంతా ఎండకే తగ్గిందా, లేక వడ్రంగి మొదటే కొంత పొట్టిగా కోశాడా? గేదె మొదట్లో పట్టిందన్నది కొంత చెబుతుంది, ఎంతో చెప్పదు. వడ్రంగి సరిగ్గానే కోశానన్నాడు. అది అతని మాట. తేల్చడానికి మార్గం ఉంది. పెట్టెను కొన్నాళ్ళు నీళ్ళలో నానబెట్టి, ఎంత ఎత్తు తిరిగి వస్తుందో చూడాలి. ప్రారంభోత్సవం మర్నాడు ఆ పని చేద్దామని, పెట్టె తిరిగి చేరి ఉంటుందనుకుని యార్డుకు వెళ్ళాను. పెట్టె లేదు. ముందురోజు అతిథికి జ్ఞాపిక ఇవ్వబోతూ, చేతికి అందిన ఆ పెట్టెలోనే గడ్డి పరిచి, చిన్న రసాలు నింపి కారులో పెట్టించారట. కాయలు చాలా బాగున్నాయని ఆయన ఫోన్ చేశారని సుబ్బారావు గారు చెప్పారు. అది కూడా నేను విన్నదే.